జీబ్రాచేపల దగ్గర ఉద్యోగం

అమెరికాలో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేసే పరిశోధన ఉద్యోగంలో, నేను ఎన్నింటికి లేవాలో నిర్ణయించేది ప్రొఫెసర్ కాదు, జీబ్రాచేపలు. చేపల గదిలో 14 గంటలు వెలుగు, 10 గంటలు చీకటి. పొద్దున దీపాలు వెలగగానే అవి గుడ్లు పెడతాయి. అందుకే ముందురోజు సాయంత్రమే ఆడ, మగ చేపలను ఒకే తొట్టిలో వేసి మధ్యలో అడ్డుపలక పెడతాం. పొద్దున ఆ పలక తీసేస్తే చాలు. అడుగున జల్లెడ లేకపోతే మాత్రం కన్నవాళ్లే గుడ్లను మింగేస్తారు. ఫలదీకరణ జరిగిన 45 నిమిషాలకు ఒక కణం రెండవుతుంది. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ ద్రావణాన్ని సన్నటి గాజు సూదితో ఆలోపే ఎక్కించాలి. సూది మొన విరిగిందా, ఆ పూట పని గోవిందా! మర్నాటికి గాజులాంటి పిండంలో గుండె కొట్టుకుంటూ ఉంటుంది. అది ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ఈ చేప మన ఉపఖండానిదే. గంగానది చేపల గురించి రాస్తూ ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లోనే దీన్ని వర్ణించాడు. జన్యు పరిశోధనకు దీన్ని ఎంచుకున్న జార్జ్ స్ట్రైసింగర్ బుడాపెస్ట్‌లో పుట్టి, నాజీల భయంతో కుటుంబంతో పాటు అమెరికా చేరినవాడు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పనిచేసి, 1981లో జీబ్రాచేపల క్లోనింగ్ ఫలితాలు ప్రచురించాడు. ఈ రంగంలో వాడే ఒక రకం పేరు 'విక్', అంటే వైల్డ్ ఇండియా కోల్‌కతా. దానికి వీసా బాధ లేదు.

మాకుంది. విశ్వవిద్యాలయాలకు హెచ్1బి లాటరీ లేకపోవడం కొంత నయం. కానీ పక్క బల్ల దగ్గరి అమెరికన్ దరఖాస్తు చేసుకునే ఎఫ్32 ఫెలోషిప్ (ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చేది) పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. పోస్ట్‌డాక్‌లు సొంత ల్యాబ్ పెట్టుకునేందుకు తోడ్పడే కె99 గ్రాంటుకు మేమూ అర్హులమే. దానికి పోటీ సంగతి చెప్పనక్కర్లేదు.

నాకు అసలు ఇబ్బంది గ్రీన్‌కార్డు పత్రాలతో. 'అసాధారణ ప్రతిభ' కింద దరఖాస్తు చేయాలంటే నా గొప్పలు నేనే పోగేసి చూపించాలి. ఒక జన్యువును పూర్తిగా తీసేసినా పిండం నిక్షేపంగా పెరిగిందంటే, వేరే జన్యువులేవో ఆ లోటు పూడుస్తున్నాయేమోనని మేము నెలల తరబడి తలలు పట్టుకుంటాం. మంచి ప్రశ్నలు పుట్టేది అక్కడే. లాయరు మాత్రం అలాంటివన్నీ పక్కన పెట్టి, సైటేషన్లు, అంటే నా పేపర్లను ఇతరులు ప్రస్తావించిన సందర్భాలు, ఎన్నని అడుగుతాడు.

ఈ దారిన వచ్చేవారు జీతం, వీసాతో పాటు ప్రొఫెసర్‌ను ఇంకొకటి కూడా అడగాలి: రేపు సొంత ల్యాబ్ పెట్టుకుంటే ఈ ప్రాజెక్టులో ఎంత భాగం వెంట తీసుకువెళ్లనిస్తారు? మనవాళ్లు మొహమాటపడి చేరేముందు అడగరు. చేరాక అడగడం ఇంకా కష్టం.