ఏడుసార్లు మార్చిన మా ఇంటి ప్లాన్

మాది హన్మకొండ. భీమారం వైపు చాలా ఏళ్ల కింద కొన్న 200 గజాల స్థలం ఉంది, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, తూర్పు రోడ్డు. పోయిన దసరాకి ఇల్లు మొదలుపెడదామని కూర్చుంటే పునాది తవ్వేసరికి ఆరు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు ఒక్క ప్లాన్‌కే పోయాయి. మా చుట్టాలందరూ "ఇంకా గీతల దగ్గరే ఉన్నారా?" అని అడిగారు. ఆ నాలుగు నెలల్లో ఏం జరిగిందో రాస్తున్నాను, ఇప్పుడు ప్లాన్ ముందు పెట్టుకుని తల పట్టుకున్న వాళ్లకు పనికొస్తుందని.

ఇంట్లో ఆరుగురం. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, తొమ్మిదో తరగతి బాబు, ఐదో తరగతి పాప. అత్తమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, రాత్రి మూడు సార్లన్నా బాత్రూమ్‌కి లేస్తారు. ఈ సంగతి ప్లాన్ గీసేవాళ్లకు మేము మొదట చెప్పనే లేదు, వాళ్లూ అడగలేదు.

మొదటి ప్లాన్ రెండు రోజుల్లో వచ్చింది. రంగుల్లో సోఫా, డైనింగ్ టేబుల్, మొక్కలతో సహా చాలా బాగుంది, మా ఆయన సరే అనేశారు కూడా. ఆ రాత్రి నిద్ర పట్టక టేపు తీసుకుని మా మంచం, బీరువా కొలిచాను. మా మంచం 6 అడుగులకు ఆరున్నర. ప్లాన్‌లో గీసిన మంచం 4 అడుగులకు 6. బెడ్‌రూమ్ 12కి 10 అని రాసి ఉంది కానీ ఆ 10 గోడ మధ్య నుంచి ఇంకో గోడ మధ్యకి. 9 అంగుళాల గోడలు రెండు వైపులా సగం సగం తింటే, ప్లాస్టరింగ్ ఇంకో అంగుళం తింటే, లోపల మిగిలేది 9 అడుగుల 2 అంగుళాలు. అందులో ఆరున్నర మంచానికి పోతే 2 అడుగుల 8 అంగుళాలు, ఎదుటి గోడకు బీరువా పెడితే దాని లోతు ఒకటిన్నర అడుగు. మధ్యలో మిగిలింది ఒక అడుగు 2 అంగుళాలు. మా బీరువా తలుపు ఒక్కొక్కటి ఒకటిన్నర అడుగు వెడల్పు, అంటే తలుపు పూర్తిగా తెరుచుకోదు! పొద్దున ఫోన్ చేసి అడిగితే "అందరూ అట్లనే కట్టుకుంటున్నరు మేడమ్" అన్నారు. తర్వాత తెలిసింది, వేరే వాళ్ల స్థలానికి గీసిన ప్లాన్‌నే అటుదిటు చేసి మాకు ఇచ్చారని. ఇచ్చిన డబ్బులు వదులుకుని, మా ఆయన ఆఫీసులో ఒకరు చెప్పిన సివిల్ ఇంజనీర్ దగ్గరికి వెళ్లాం. చిన్న వయసు, కానీ ఓపిక చాలా ఎక్కువ.

ఆయన మొదటి రోజు గీత గీయలేదు, లెక్క చెప్పారు. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. ఈ సైజు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున ఖాళీ వదలాలి, దాన్నే సెట్‌బ్యాక్ అంటారు. అంటే 30 అడుగుల వెడల్పులో మనకు కట్టుకోవడానికి దక్కేది ఇరవై మూడున్నర, 60 అడుగుల లోతులో 52కి కాస్త తక్కువ. ఎక్కడికి వెళ్లినా "సెట్‌బ్యాక్ ఎవరు చూస్తరు, గోడ దాకా లాగేయండి" అనేవాళ్లు ఉన్నారు. మేము లాగలేదు. పక్క స్థలంలో రేపు రెండంతస్తులు లేస్తే మన కిటికీకి గాలి, వెలుతురు వచ్చేది ఆ మీటరు సందులోంచే, దాన్ని కూడా మూసేసుకుంటే పగలు కూడా లైట్ వేసుకుని బతకాలి.

ఇంజనీర్ ఇంకో పని చెప్పారు. ఒక వారం పాటు ఇంట్లో ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటున్నారో రాసుకుని రమ్మన్నారు. పాప పాత నోట్‌బుక్‌లో రాశాను. రాస్తుంటే నాకే ఆశ్చర్యమేసింది. మేము డైనింగ్ టేబుల్ మీద వారంలో ఒక్క ఆదివారమే తిన్నాం, మిగతా రోజులు హాల్లో కింద కూర్చునే. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా బాత్రూమ్ కోసం గొడవ. మామయ్య పేపర్ చదివేది గుమ్మం దగ్గర కుర్చీలో. అత్తమ్మ కూరగాయలు కోసేది కిచెన్‌లో కాదు, బయట మెట్టు మీద, కత్తిపీట ముందు పెట్టుకుని, వచ్చేపోయే వాళ్లతో మాట్లాడుతూ. ప్లాన్‌లో పెద్ద డైనింగ్ గది ఉంది, ఆ మెట్టు లేదు. డైనింగ్ గది తీసేశాం. మెట్ల పక్కన హాలు కాస్త వెడల్పయ్యే చోట టేబుల్‌కి జాగా ఉంచాం, అంతే.

మూడో ప్లాన్ వచ్చాక చేసిన పని మాత్రం అందరికీ చెప్తాను, తప్పకుండా చేయండి. మేముండే అద్దె ఇంటి డాబా మీద ముగ్గుపిండితో ఆ గదులను అసలు కొలతల్లో గీశాం. నేను, బాబు టేపు పట్టుకున్నాం, మా ఆయన తాడు లాగి పట్టారు, పాప ముగ్గు పోసింది. ఒకేసారి ఇల్లంతా పట్టదు కాబట్టి ముందు అత్తమ్మ వాళ్ల గది, హాలు గీశాం, ఇంకో రోజు కిచెన్. మంచం ఉండే చోట చాప పరిచాం, బీరువాకి రెండు అట్టపెట్టెలు. తలుపు తెరుచుకునే వైపు సున్నంతో వంపు గీత గీశాం. అప్పుడు అత్తమ్మను పైకి తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు రాత్రి పన్నెండయింది అనుకోండి, బాత్రూమ్‌కి వెళ్లండి" అన్నాను. ఆవిడ గోడ ఉండే చోటు తడుముకుంటున్నట్టు చెయ్యి చాపి లేచి, మంచం కొస చుట్టూ తిరిగి, బీరువా పక్కనుంచి, తెరిచిన తలుపు వెనక్కి వెళ్లి, మళ్లీ ఇటు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పదకొండు అంగలు, రెండు మలుపులు. మధ్యలో ఆగి "పట్టుకోనీకి ఏం లేదు గదా బిడ్డా ఈడ" అన్నారు. ఆ మాటకి మా ఆయన మొహం మారిపోయింది. ఆ సాయంత్రమే బాత్రూమ్ తలుపు మంచం తల వైపు గోడకి మారింది, ఇప్పుడు గోడ పట్టుకుని ఐదు అంగలే. తలుపు రెండున్నర నుంచి 3 అడుగులు చేశాం, రేపెప్పుడైనా వీల్‌చైర్ వచ్చినా ఇబ్బంది లేకుండా. ఆ గుమ్మానికి గడప లేదు, నీళ్లు బయటికి రాకుండా లోపల ఫ్లోరింగ్ కాస్త దించి వాలు ఇస్తామన్నారు. రెండు పక్కలా పట్టుకునే రాడ్లు.

ఇంట్లో అసలు గొడవ మెట్ల దగ్గర వచ్చింది. మా ఆయనకి పైన పోర్షన్ కొన్నేళ్లు కిరాయికి ఇస్తే లోన్ ఈఎంఐకి ఆసరా అవుతుందని, అందుకు మెట్లు బయటే ఉండాలని. నాకేమో పిల్లలు పెద్దయ్యాక పైగదులు వాళ్లవే కదా, లోపలి నుంచి ఉండాలని. పది రోజులు ఇదే మాట. రెండు మూడు సార్లు అన్నం దగ్గర గొంతులు లేచాయి కూడా. చివరికి ఇంజనీర్ దక్షిణం వైపు మెట్లు పెట్టి రెండు తలుపులు ఇచ్చారు, ఒకటి హాల్లోకి, ఒకటి పక్క సందులోకి. కిరాయికి ఇచ్చినన్నాళ్లు హాలు వైపుది తాళం, తర్వాత సందు వైపుది తాళం. కానీ ఇది పెట్టగానే ఇంకో సమస్య. సందులో వాష్ ఏరియా అనుకున్నాం, గిన్నెలు తోముకునే చోట్లోంచి కిరాయి వాళ్లు వెళ్తూ వస్తూ ఉంటే ఎలా? కిచెన్‌లోంచి 4 అడుగులు కోసి వాష్ ఏరియా లోపలికి తెచ్చాం. కిచెన్ చిన్నదయింది. నాకు బాధే, కానీ అట్టపెట్టెలతో డాబా మీద గీసి చూసుకుంటే స్టవ్, సింకు, ఫ్రిజ్ మూడూ రెండేసి అంగల్లో అందుతున్నాయి, పెద్ద కిచెన్‌లో కంటే నడక తక్కువ. ఒప్పుకున్నాను.

మెట్ల ఎత్తు గురించి కూడా చెప్పాలి. మొదటి ప్లాన్‌లో 10 అడుగుల ఎత్తుకి 16 మెట్లు, ఒక్కొక్కటి ఏడున్నర అంగుళాలు. మోకాళ్లు బాగున్న నాకే మా అక్క వాళ్లింట్లో అలాంటి మెట్లెక్కితే ఆయాసం. 6 అంగుళాలు చేయమంటే 20 వస్తాయి, సిద్ధాంతి గారు సరి సంఖ్య వద్దన్నారు. స్లాబ్ ఎత్తు పదిన్నర అడుగులు చేస్తే 126 అంగుళాలు, 6 చొప్పున సరిగ్గా 21 మెట్లు. వేసవిలో స్లాబ్ కింద వేడి కూడా కాస్త తగ్గుతుంది. గోడ అర అడుగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, అది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

వాస్తు మా ఇంట్లో అందరూ నమ్ముతారు, నేనూ నమ్ముతాను. ఆగ్నేయంలో వంట, నైరుతిలో పెద్దవాళ్ల పడక, తూర్పు ఈశాన్యంలో సింహద్వారం, ఈశాన్యంలో సంపు, ఇవన్నీ ఇబ్బంది లేకుండా కుదిరాయి. చిక్కల్లా నైరుతి గదికి పడమటి ఎండ. మే నెలలో మా దగ్గర పడమటి గోడ రాత్రి పదకొండు దాకా చెయ్యి పెట్టలేనంత కాలుతూ ఉంటుంది, అద్దె ఇంట్లో అదే అనుభవిస్తున్నాం. బాత్రూమ్ ఆ మూలకి పెడితే వేడి ఆగుతుంది కానీ సిద్ధాంతి గారు నైరుతి మూల బాత్రూమ్ కుదరదన్నారు. అందుకని పడమటి గోడ పొడుగునా బట్టల కప్‌బోర్డులు పెట్టి, మంచం తూర్పు వైపు జరిపి, పెద్ద కిటికీ దక్షిణానికి ఇచ్చాం. పడమట పైన చిన్న వెంటిలేటర్ ఒక్కటే. సిద్ధాంతి గారినీ ఇంజనీర్‌నీ ఒకే రోజు ఒకే కాగితం ముందు కూర్చోబెట్టడం వల్లే ఇది తేలింది. విడివిడిగా తిరిగితే ఈయన మార్చింది ఆయన మారుస్తారు, ఆయన మార్చింది ఈయన మారుస్తారు, ఐదో ప్లాన్ దాకా మాకు అదే జరిగింది.

పైఅంతస్తు ప్లాన్ విడిగా చూడకండి. నాలుగో ప్లాన్‌లో పై బాత్రూమ్ సరిగ్గా కింద స్టవ్ మీదికి వచ్చింది, రెండు కాగితాలను కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే గానీ తెలియలేదు. ఇప్పుడు బాత్రూమ్ మీద బాత్రూమ్, పైపులు నిట్టనిలువుగా దిగుతాయి. పిల్లర్లు కూడా అంతే. పిల్లర్ గదిలోకి మూడు అంగుళాలు పొడుచుకొస్తే కాగితం మీద చిన్న చుక్కలా కనిపిస్తుంది, కానీ సరిగ్గా అక్కడే బీరువా పెట్టాలంటే కుదరదు. పిల్లర్ వెడల్పు గోడ వెంబడి ఉండేలా తిప్పమని అడగండి, కుదిరిన చోట తిప్పుతారు.

ఒకటి మాత్రం వదులుకున్నాం. కింద మూడో బెడ్‌రూమ్. చుట్టాలొస్తే ఎక్కడ పడుకుంటారని మామయ్య చాలా రోజులు అన్నారు. పట్టించాలంటే మూడూ 9 అడుగుల గదులవుతాయి, ఎందులోనూ హాయిగా తిరగలేం. ఏడాదిలో చుట్టాలొచ్చేది బతుకమ్మకి, సంక్రాంతికి, హాల్లో పరుపులు వేసుకుందామని ఆయనే చివరికి అన్నారు.

ఇక అత్తమ్మ కూరగాయలు కోసుకునే ఆ మెట్టు సంగతి. ఆరో ప్లాన్ చూపిస్తూ అత్తమ్మకు గదులన్నీ చెప్పాను, దేవునర్ర (పూజ గది) ఎక్కడ, పొయ్యి ఎక్కడ అని. అన్నీ విని, "నేనేడ కూసుంట?" అన్నారు. "ఎవలొస్తున్నరో, ఎవలు పోతున్నరో కనవడాలె." ఆవిడ గదిలో కుర్చీ చూపించబోయి ఆగిపోయాను. ముందు కారు పెట్టుకునే చోట సింహద్వారం పక్కన గోడకి ఆనుకుని 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున అరుగు అడిగాం. కారుకి జాగా తగ్గుతుందని మా ఆయన టేపుతో మూడుసార్లు కొలిచారు, సరిపోయింది. అదే ఏడో ప్లాన్.

పోయిన వారం బేస్‌మెంట్ అయింది, లోపల మొరం నింపుతున్నారు. సైటు దగ్గరికి అత్తమ్మను తీసుకెళ్తే మేస్త్రీ సిమెంటు లేకుండా ఊరికే ఇటుకలు పేర్చి, అరుగు ఎత్తు చూసుకోమన్నాడు. ప్లాన్‌లో 15 అంగుళాలు. కూర్చున్నారు, బాగుంది, కానీ లేవడానికి నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఇంకో వరస పేర్చాడు. ఈసారి గోడ మీద అరచెయ్యి ఆనించి తనంతట తనే లేచారు. మళ్లీ కూర్చుని, మళ్లీ లేచారు. ఇంజనీర్‌కి అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పాం, 15 కాదు, 18 అని.