బొగ్గు బొమ్మలపై అభిప్రాయం రాసి ఇవ్వడం: నా అనుభవం

పెదవాల్తేరులో ఒక మిత్రుడి మేడమీద ఆదివారం ఉదయాల్లో కొందరు చేరి, ఎదురుగా మనిషిని నిలబెట్టుకుని చార్‌కోల్‌తో బొమ్మలు వేస్తుంటారు. ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లలతో పాటు, ఉద్యోగ విరమణ చేసి ఇన్నాళ్ళకు బొమ్మలకు తీరిక చిక్కినవారు కూడా వారిలో ఉన్నారు. అప్పటివరకు వేసినవాటిని చూసి ఒక్కొక్కరికీ అభిప్రాయం కాగితం మీద రాసి ఇవ్వమని గత ఏడాది వారు నన్ను అడిగారు. నోటితో చెప్పిన మాట ఇంటికి చేరేలోపు సగం మరుపున పడుతుంది కనుక, రాసి ఇవ్వమనడం నాకు సబబుగానే తోచింది.

మొదట నేను తేల్చుకోవలసి వచ్చింది దేని తరువాత దేన్ని చూడాలన్నది. మనిషి బొమ్మలో దోషాలన్నీ ఒక్క స్థాయివి కావు. నిలబడిన తీరు కుదరకపోతే కొలతలు సరిచేసినా ఫలితం ఉండదు. కొలతలు కుదరకపోతే ఎంత శ్రద్ధగా నీడలు దిద్దినా ఆ శ్రమంతా తప్పు చోట చేసినట్లే అవుతుంది. అందుచేత ప్రతి కాగితాన్నీ గోడకు ఆనించి, గది అవతలి కొస నుంచి ముందుగా భంగిమను, తరువాత నిష్పత్తులను, చివరకు దగ్గరికి వచ్చి వెలుగునీడలను చూశాను. ఈ మూడింటిలో ఎక్కడ మొదటి లోపం కనిపిస్తే అక్కడే ఆగి, దాని గురించి మాత్రమే రాశాను. ఒక్క కాగితం మీద పది లోపాలు చూపిస్తే, వేసినవారు అన్నిటికంటే సులువైనదాన్ని దిద్దుకుని, అసలైనదాన్ని వదిలేస్తారు.

జాలారిపేట నుంచి వచ్చే ఒక పెద్దాయన మాకు తరచు మోడల్‌గా నిలబడతారు. ఆయన కుడి కాలి మీద బరువంతా మోపి, ఎడమ మోకాలు సడలించి నిలబడిన భంగిమను ఒక అమ్మాయి వేసింది. ముఖంలోని ముడతలు, మెడ నరాలు చక్కగా పట్టుకుంది, కానీ మనిషి పక్కకు ఒరిగిపోతున్నట్లు కనిపించాడు. ఇటువంటి భంగిమలో బరువు మోసే వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. గొంతు గుంట నుంచి తూకపు దారం వేలాడదీస్తే అది ఇంచుమించు ఆ కాలి చీలమండ దగ్గరకే వస్తుంది. మన ఆలయ శిల్పాల త్రిభంగిలోనూ, అంటే ఒళ్ళు మూడు చోట్ల వంపు తిరిగిన భంగిమలోనూ, ఈ ఎగుడుదిగుళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. ఆమె బొమ్మలో భుజాలూ తుంట్లూ సమాంతరంగా ఉండిపోయాయి.

ఇతరుల బొమ్మ మీద నేను గీత పెట్టను. దానిపై బటర్ పేపర్ పరచి భుజాల వాలు, తుంట్ల వాలు, గొంతు నుంచి నిలువు గీత మాత్రం గీసి, "ఆయన ఏ కాలి మీద నిలబడ్డారమ్మా?" అని అడిగాను. "కుడి కాలి మీద సార్" అంది. "నీ బొమ్మలో?" అని అడిగితే, కాసేపు చూసి, "రెండింటి మీదా నిలబెట్టేశాను" అంది. లోపాన్ని తానే కనిపెట్టిన తరువాత నేను రాయవలసింది ఒక్కటే మిగిలింది: "వచ్చే వారం ముఖం మొదలుపెట్టే ముందు, మొదటి నిమిషంలో ఈ మూడు గీతలు పెట్టు." తరువాతి వారాల్లో ఆమె బొమ్మల్లో కాళ్ళు నేలను తాకడం మొదలైంది.

మెచ్చుకోలు రాయడం ఇంతకంటే కష్టమైన పని అని నా అభిప్రాయం. "బాగుంది" అన్నంత మాత్రాన ఏది నిలుపుకోవాలో వేసినవారికి తెలియదు. "ఎడమ భుజం పైన గీత పలుచబడి వెలుగులో కలిసిపోయింది, అందువల్లే అక్కడ కండ గుండ్రంగా తెలుస్తోంది, మోకాలి దగ్గరా ఇలాగే చేయండి" అని రాస్తే, తమకు చేతనైనది ఏమిటో వారికి తెలుస్తుంది, దాన్ని మరో చోట వాడుకునే వీలూ కలుగుతుంది.

నిష్పత్తుల విషయంలో ఒక యువకుడికి చాలా ఆలోచించి రాయవలసి వచ్చింది. అతడు విగ్రహాలు చేసే కుటుంబం నుంచి వచ్చినవాడు, తాళమానం, అంటే విగ్రహాల సంప్రదాయ కొలతల పద్ధతి, తెలిసినవాడు. ఒక తాళం పన్నెండు అంగుళాలు, ముఖం పొడవుకు సమానం; ఇక్కడ అంగుళమంటే ఇంచి కాదు, ఆ విగ్రహపు ముఖంలో పన్నెండో వంతు. నవతాళ విగ్రహానికి, అంటే తొమ్మిది తాళాల ఎత్తున్నదానికి, 108 అంగుళాలు. మామూలు చిత్రలేఖన తరగతుల్లో మాత్రం నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న తల మొత్తాన్ని కొలతగా తీసుకుని, సగటు మనిషిని సుమారు ఏడున్నర తలల ఎత్తుగా లెక్కిస్తారు. అతడి కాగితాల్లో ఈ రెండు కొలతలూ కలగలిసిపోయాయి. అతడికి వచ్చిన విద్యను తక్కువ చేయకుండా, ఎదుట ఉన్న మనిషిని చెయ్యి చాచి పట్టుకున్న పెన్సిల్‌తో కొలవమని, ఆ మనిషి ఏడు తలలే ఉంటే ఏడే వేయమని రాశాను.

నీడల దగ్గర ఎక్కువమందిలో కనిపించిన అలవాటు వేలితో అదేపనిగా రుద్దడం. చర్మపు జిడ్డు అంటిన చోట బొగ్గు సమంగా పట్టదు, మచ్చలు తేలుతాయి. దానికి తోడు విశాఖ గాలిలోని తేమను కాగితం పీల్చుకుని మెత్తబడితే రుద్దుడు మరింత చెడగొడుతుంది. విల్లో చెట్టు పుల్లలను కాల్చి చేసిన సన్నని బొగ్గుతో మొదలుపెట్టి, స్థానాలు ఖాయమయ్యాకే కంప్రెస్డ్ చార్‌కోల్ తీయమని చాలామందికి రాశాను, ఎందుకంటే జిగురు కలిపి చేసిన ఆ రెండోది ఒకసారి పట్టుకుంటే పూర్తిగా చెరగదు. చుట్టుపక్కల వాటి మీద పడి తిరిగి నీడలోకి వచ్చే ప్రతిఫలిత కాంతిని తెల్లగా వదిలేసినవారికి, అది నీడలో భాగమే కనుక వెలుగు వైపు ఉన్న ఏ చోటికంటేనూ ముదురుగా ఉంచమని సూచించాను.

కొన్నిసార్లు దిద్దవద్దని చెప్పడమే సరైన అభిప్రాయం. ఒక విశ్రాంత ఉద్యోగి తన బొమ్మలో చేయి నాలుగు ముతక గీతలతో ఆగిపోయిందని, పూర్తి చేయాలని పట్టుబట్టారు. ఆయనకు జర్మన్ చిత్రకారిణి కేథే కోల్‌విట్జ్ 1933లో బొగ్గుతో వేసుకున్న స్వీయచిత్రాన్ని చూపించాను. అందులో ముఖాన్ని ఎంతో నిశితంగా మలచిన ఆమె, గీస్తున్న చేతిని మాత్రం వంకరటింకర గీతల వేగంతోనే వదిలేశారు. ఆ చేతిలో కదలిక ఉంది. ఆయన తన కాగితాన్ని అలాగే ఉంచడానికి ఒప్పుకున్నారు.

కాగితాలు ఇచ్చేటప్పుడు పిల్లలతో విడివిడిగా కూర్చుని మాట్లాడాను; పెద్దవారిలో కొందరు అందరి ఎదుటే చెప్పమన్నారు. ఎవరితోనైనా ముందుగా "దీనిలో మీరు దేన్ని పట్టుకోవాలనుకున్నారు?" అని అడిగిన తరువాతే నేను రాసినది చదివాను. ఇప్పుడు వారు ఒకరి బొమ్మలు మరొకరు చూసుకునేటప్పుడు బటర్ పేపర్ తామే పరుచుకుంటున్నారు. వచ్చే విడతలో చేతులు, పాదాలు మాత్రమే చూడాలని నిర్ణయించుకున్నాము, ఎందుకంటే దాదాపు అందరి కాగితాల్లోనూ అవి ఉండవలసినదానికంటే చిన్నవిగా వచ్చాయి.