అటక మీది చార్టులు

నాన్నగారి చార్టుల చుట్టను, అంటే ఓడలు దారి చూసుకునే సముద్ర పటాలను, పాత పేపర్లవాడికి ఇచ్చేద్దామని ఈయన అనడం కొత్త కాదు. దానికి అక్క కొడుకు వంత పాడడమే నాకు కష్టంగా ఉంది. ఓడ మీద ఉద్యోగం చేస్తున్నవాడు, "స్క్రీను మీదే చార్టులు ఉండగా ఈ కాగితాలెందుకు పిన్నీ?" అనవచ్చా? అక్క చేసిన పనసపొట్టు కూర అమృతంలా ఉంది, దాని గురించే రాద్దామని కూర్చున్నాను. చేయి ఇటే వచ్చింది.

డెహ్రాడూన్‌లో చార్టులు తయారుచేసే నౌకాదళ కార్యాలయం నుంచి వచ్చే దిద్దుబాటు ప్రకటనలు పట్టుకుని, నాన్నగారు ఆదివారాలు చార్టు పరుచుకునేవారు. ఆ బల్ల మీద మేము మంచినీళ్ల గ్లాసు పెట్టడానికి వీల్లేదు. సన్నటి పాళీ, ఊదారంగు సిరా. ఒక బోయా, అంటే నీటి మీద తేలే దారి గుర్తు, చోటు మారితే పాత గుర్తు కొట్టేసి కొత్తది గీసి, కింద ఎడమ మూలన సంవత్సరం, ప్రకటన నంబరు వేసేవారు. ఆ నంబరు పడేదాకా భోజనానికి లేచేవారు కాదు.

విశాఖలో రాస్ హిల్ మీదికి తీసుకెళ్లి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి రేవు లోపలికి వచ్చే ఓడను చూపించేవారు. 1933లో తెరిచిన రేవు, ఇరుకు దారి. చార్టులో ఉన్న అంకె నీరు బాగా తగ్గినప్పటి లోతనీ, పోటు వేళ ఆ పైన ఇంకా నీరుంటుందనీ చెప్పేవారు. తక్కువ లోతులో వేగం పెంచితే ఓడ మరికాస్త కిందికి దిగుతుందట. అది విన్నాక, అంత పెద్ద ఓడ అంత నెమ్మదిగా ఎందుకు వస్తుందో అర్థమైంది.

అయితే భోజనాలయ్యాక అక్క కొడుకు చెప్పింది కొట్టిపారేయలేను. ఓడకు ఎంత లోతు కావాలో ముందే స్క్రీనుకు చెబితే, అంతకన్నా తక్కువ నీటి వైపు వెళ్తుంటే అలారం మోగుతుంది. కాగితం మోగదు. నాన్నగారు ఉంటే వాడిని పక్కన కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ ప్రశ్నలు వేసేవారు.

కానీ ఆ లోతు తప్పుగా ఇస్తే? కొలతలే పాతవైతే? స్క్రీను మీద మెరిసినంత మాత్రాన కొత్తవి కావు కదా. 2021లో సూయజ్‌లో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగినప్పుడు దాని మీద దారి చూపే కాలువ పైలట్లు కూడా ఉన్నారు. ఇదంతా వాడు ఒప్పుకున్నాడు. ఆ ఊదారంగు నంబర్లను మాత్రం ఒక్కసారైనా వంగి చూడలేదు. నాకు అదే కోపం.

రేపు రాస్ హిల్‌కు రమ్మన్నాను. ఓడ ఏ వేళకు లోపలికి వస్తుందో వాడి ఫోనులోనే తెలుస్తుందట. ఎండ ఎక్కకముందు వచ్చేది ఏదైనా ఉంటే బాగుండును.