జాయింటు పోయుండొచ్చేమో అని

“పోయేటప్పుడే అనుకున్నా, ఆ మోటరు లేచేది కాదని.” చెప్పులు విప్పుతూ మామ అన్న మాట. పదకొండు దాటినా నన్ను పడుకోనివ్వడం లేదు. అంత తెలిసినాయన ఎందుకు పోయినట్టు?

ఊళ్లో నీళ్ల ట్యాంకు బోరు. స్టార్టర్ వేయగానే ట్రిప్ అవుతోందని పొద్దున్నే ఫోను. వైండింగ్, అదే మోటరు లోపలి తీగచుట్ట, కాలిందని మామకు అక్కడే అర్థమైంది. ఇన్నేళ్లు ఈ ఇంట్లో ఉన్నందుకు నాక్కూడా అర్థమైంది. అయినా “కేబుల్ జాయింటు పోయుండొచ్చేమో, చూడాల” అంటూ పాత మెగ్గర్, అదే వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు, సంచిలో వేసుకున్నారు. అసలే ఆయనకు మోకాళ్ల నొప్పులు. మా ఆయనేమో “పోనీలే, పొద్దుపోతుంది” అని మళ్లీ ఫోన్లోకి దూరిపోయాడు.

నా మంటంతా పిలిచినవాళ్ల మీద. మోటరు మార్చండని పోయిన ఎండాకాలమే చెప్పారు మామ. ఎవరూ చెవిన పెట్టలేదు. రిటైరయ్యాక ఒక్క ఉగాదికైనా పలకరించినవాళ్లు లేరు. ఇప్పుడు ట్యాంకు ఎండాక “సార్, మీరొస్తే చాలు” అట! ఎందుకు చాలు? రేపు ఊరు మీద పడితే “పెద్దాయన వల్లే కాలేదు, మేమేం చేస్తాం” అనడానికి. తిట్లు పంచుకోవడానికి ఒక మనిషి కావాలి, అంతే.

అసలు మామకు ఈ పిచ్చి ముదిరింది 2024 ఆగస్టులో. 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది కదా, ఆ వారమంతా మా ఇంట్లో టీవీ ఆగలేదు. మాది ఎల్లెల్సీ, అదే ఆ డ్యామ్ నుంచి వచ్చే దిగువ కాలువ, కింద పొలం. డ్యామ్ ఖాళీ అయితే మాకు పంట లేనట్టే. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తేశారు. నిండుకుండ లాంటి డ్యామ్ కళ్లముందే కిందికి పోతుంటే మామ అన్నం సరిగ్గా తినలేదు. నీళ్లు బాగా తగ్గితే తప్ప గేటు పెట్టలేరన్నారు చాలామంది. అప్పుడొచ్చారు డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు. రిటైరై, ఎనభై దరిదాపుల్లో ఉన్న మనిషి. పారే నీళ్లలోనే క్రేన్లతో స్టాప్‌లాగ్ ముక్కలు, అంటే గేటు బదులు ఒకదాని మీద ఒకటి పేర్చే అడ్డు పలకలు, దింపించారు. 16న మొదటిది నిలబడింది, 17కల్లా పని అయిపోయింది. మామ టీవీ ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నెల తిరక్కముందే ప్రకాశం బ్యారేజీ గేట్లకు పడవలు గుద్దుకుంటే అక్కడికీ ఆయన్నే పిలిచారు. “చూడమ్మా, పిలిస్తే పోవాల” అని మామ మొదలుపెట్టారు. అప్పట్నుంచీ అదే పాట.

సాయంత్రం దీని మీద నేనూ వాదించాను. “ఆయన గెలిచాడు కాబట్టి మీరు చప్పట్లు కొట్టారు మామా. ఆ ముక్క నీళ్లలో కొట్టుకుపోయుంటే ముసలాయనకు ఎందుకీ సాహసం అనేవాళ్లే అందరూ.” మామ కాసేపు ఊరుకుని, “అది తెలిసే పోయాడు కదమ్మా” అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తుంటే నా వాదన నా మీదికే తిరుగుతోంది. ఈరోజు చైన్ పుల్లీ పెట్టి పైపులన్నీ పైకి లాగారట. జాయింటు బాగానే ఉంది. మోటరుకు మెగ్గర్ పెడితే జీరో. అంటే పోయింది వైండింగే. ఫోన్లో వినగానే అనుకున్నదే. కానీ పైకి తీసి చూడకుండా కొత్త మోటరు తెచ్చుంటే, నిజంగా జాయింటే పోయుంటే? ఊరి డబ్బు దండగ. అలా చూస్తే మామ పోవడం వృథా కాదు. మరి పిలిచినవాళ్లది? వాళ్లను మాత్రం వదలను. వాళ్లకు కావాల్సింది జాయింటు కాదు, ఒక పేరు.

రేపు ఆదోనికి మోటరు కొనడానికి తోడు రమ్మన్నారట, మామ సరేనన్నారట. పోయిరావడానికి ఆటో డబ్బులు ఈరోజు సొంతంగా పెట్టుకున్నారు. అడగండి అంటే “ఛ, బాగుండదు” అంటారు. పొద్దున ఆ ఫోను వస్తే నేనే ఎత్తి అడుగుతా.