గెలిచింది నేనా, నా అంకెలా?

వీడియో గేమ్‌లో బాస్ అని పిలిచే ఒక పెద్ద శత్రువు చేతిలో ఇరవైసార్లు ఓడిపోయి, విసిగి వెనక్కి వెళ్లి, దారిలో కనిపించిన చిన్నాచితకా శత్రువులందరినీ చంపుకుంటూ రెండు లెవెళ్లు పెంచుకుని, తిరిగి వచ్చి ఇరవైయొకటోసారి గెలిచినప్పుడు నాకు సంతోషం వెంట ఒక అనుమానం కూడా వస్తుంది. ఇప్పుడు గెలిచింది నేనా, నేను పెంచుకున్న అంకెలా? కష్టమైన టూడీ యాక్షన్ ఆర్పీజీల మీద, అంటే చేతివేగంతో పోరాడుతూనే పాత్ర బలాన్ని అంకెల్లో పెంచుకునే ఆటల మీద, నాకున్న మోజుకు కారణం ఏమిటని ఆలోచించిన ప్రతిసారీ ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. అచ్చంగా యాక్షన్ ఆటలో ఈ అనుమానానికి తావు లేదు, అక్కడ పెరిగేది చెయ్యి మాత్రమే. వంతులవారీగా సాగే ఆర్పీజీలోనూ పెద్దగా తావు లేదు, అక్కడ పెరిగేవి అంకెలూ, వాటిని వాడుకునే ఎత్తుగడలూ. రెండూ ఒకే తెర మీద కలిసినచోట మాత్రం గెలుపులో ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం. ఆ తెగని లెక్కే నన్ను మళ్లీ మళ్లీ కంట్రోలర్ దగ్గరికి లాక్కొస్తుంది.

ఈ కలయిక కొత్తదేమీ కాదు. 1987లో నింటెండో విడుదల చేసిన రెండవ జెల్డా ఆట, పక్కనుంచి కనిపించే కత్తియుద్ధానికి అనుభవ పాయింట్లను జోడించింది. శత్రువులను చంపి సంపాదించిన పాయింట్లతో దాడి, మంత్రశక్తి, ప్రాణం అనే మూడింటినీ ఒక్కొక్కటి 8వ స్థాయి వరకు పెంచుకోవచ్చు. పదేళ్ల తర్వాత, 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన కోనామి వారి ‘కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్’ ఆ కలయికను ఎంతో అందంగా, విశాలంగా మలిచింది కానీ, నా దృష్టిలో అక్కడ తూకం ఒకవైపు మొగ్గిపోయింది. కోట తలకిందులయ్యే రెండవ సగానికి చేరేసరికి కథానాయకుడు అలుకార్డ్ ఆయుధాలూ కవచాలూ ఎంతగా పెరిగిపోతాయంటే, చాలామంది బాసులు వచ్చినట్టే వచ్చి కరిగిపోతారు. ఆ సంగీతం కోసం, ఆ గదుల్లో తిరగడం కోసం దాన్ని ఇప్పటికీ ఆడతాను, గెలిచానన్న తృప్తి కోసం మాత్రం కాదు.

చెయ్యి గెలవాల్సిన ఆటకు ఉదాహరణ చెప్పమంటే నేను ‘హాలో నైట్’ పేరు చెబుతాను. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం తయారుచేయగా 2017లో వచ్చిన ఈ ఆటలో లెవెళ్లు లేవు కాబట్టి దీన్ని ఆర్పీజీ అనకూడదని వాదించేవారున్నారు. నేను అంటాను. ఇందులో నెయిల్ అని పిలిచే కత్తి మొదట్లో ఒక్క వేటుకు 5 చొప్పున దెబ్బ తీస్తుంది. నాలుగుసార్లు పదును పెట్టించాక అది 21 అవుతుంది. ప్రాణానికి గుర్తులైన ముసుగులు 5తో మొదలై 9 వరకు పెరుగుతాయి. అంకెలు ఉన్నాయి, కాకపోతే పిసినారి చేతిలోని డబ్బులా ఉన్నాయి.

ఈ పిసినారితనం అసలు ఏం చేస్తుందో నాకు ఆ ఆటలోని మాంటిస్ లార్డ్స్ దగ్గర తెలిసింది. ఎత్తైన సింహాసనాల మీద కూర్చున్న ముగ్గురు అక్కచెల్లెళ్ల ముందు నిలబడి, మనమే కత్తి ఎత్తి సవాలు చేయాలి. ముందు ఒకరే దిగి వస్తారు. ఆమెకు తెలిసిన దెబ్బలు మూడే: నేలబారుగా దూసుకురావడం, నెత్తి మీది నుంచి నిలువుగా పొడవడం, గోడను పట్టుకుని వంకర బాణంలా తిరిగివచ్చే ఆయుధాన్ని విసరడం. ప్రతిదానికీ ముందు ఒక భంగిమ ఉంటుంది, ఆ భంగిమను గుర్తుపడితే ఏం చేయాలో తెలిసిపోతుంది. ఆమె ఓడిపోయాక మిగిలిన ఇద్దరూ కలిసి దిగుతారు. కొత్త దెబ్బ ఒక్కటి కూడా లేదు, అవే మూడు, కానీ ఇప్పుడు ఇద్దరి భంగిమలను ఒకేసారి చదవాలి. మొదటి భాగంలో అక్షరాలు నేర్పి రెండవ భాగంలో వాక్యం చదవమన్నట్టు ఉంటుంది.

నేను అక్కడ చాలాసార్లు ఓడిపోయి, వెళ్లి కత్తికి ఒకసారి పదును పెట్టించుకుని వచ్చాను. 5 కాస్తా 9 అయింది, అంటే వేయాల్సిన వేట్ల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఆ తర్వాత గెలవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అప్పుడు కలిగిన అనుమానమే ఈ వ్యాసానికి మొదలు. చాలా రోజులు ఆలోచించాక నాకు తోచిందేమిటంటే, అంకె నాకు దూకడం నేర్పలేదు, దెబ్బ తప్పించుకోవడం నేర్పలేదు. నేను తప్పు చేయకుండా ఉండాల్సిన సమయాన్ని మాత్రమే తగ్గించింది. ఐదు నిమిషాలు ఏకాగ్రతతో ఉండగలిగినవాడే పాత కత్తితో గెలుస్తాడనుకుంటే, పదునైన కత్తితో మూడు నిమిషాలు చాలు. ఆ మూడు నిమిషాలు మాత్రం ఎవరి చెయ్యి వారిదే.

ఇదే ఆటలో గాయం మాన్పుకునే పద్ధతిని చూడండి, అక్కడా ఇదే లెక్క నడుస్తుంది. శత్రువును కొట్టిన ప్రతి వేటుకూ 11 చొప్పున సోల్ అనే శక్తి వస్తుంది, ఒక ముసుగు తిరిగి పొందాలంటే 33 ఖర్చుచేయాలి, పైగా ఆ కాసేపూ కదలకుండా నిలబడాలి. భయపడి దూరంగా పారిపోయేవాడికి మందు దొరకదు, మీద పడి మూడు దెబ్బలు కొట్టినవాడికే దొరుకుతుంది. ధైర్యం తెచ్చుకొమ్మని ఎవరూ ఉపదేశించకుండానే, మూడు పదకొండ్లు ముప్పైమూడన్న చిన్న కూడిక ఆటగాడిని ముందుకు నెడుతుంది.

ఇదంతా త్రీడీలో కుదరదా అంటే, కుదురుతుంది. 2011లో వచ్చిన ‘డార్క్ సోల్స్’ అందుకు నిదర్శనం, టూడీలో ఈ తరహా ఆటలు చాలావరకు దాని అడుగుజాడల్లో నడిచినవే. అయితే త్రీడీలో ఓడిపోయినప్పుడు నింద వేయడానికి కెమెరా ఉంటుంది. గోడకు ఆనుకుని ఉన్నప్పుడు అది తిరగలేదనో, వెనకనుంచి వచ్చినవాడు కనిపించలేదనో, కత్తి అందుతుందనుకున్న దూరం అందలేదనో చెప్పుకోవచ్చు, ఒక్కోసారి అది నిజం కూడా. పక్కనుంచి చూసే టూడీ పోరాటంలో నేనూ, నా శత్రువూ, మా మధ్య ఉన్న దూరమూ ఒకే చదునైన తెర మీద పరిచి ఉంటాయి, చదరంగం బల్ల మీద పావుల్లాగా. ఓడిపోయిన మరుక్షణమే ఎందుకు ఓడిపోయానో నాకు తెలిసిపోతుంది. సాకు దొరకని ఓటమి మొదట్లో మంటగా ఉంటుంది కానీ, మళ్లీ ప్రయత్నించడానికి పనికొచ్చేది అదొక్కటే.

ఆ నిజాయితీ వెనక కొంత గారడీ ఉందన్నది వేరే సంగతి. కంటికి కనిపించినదానికి వేలు స్పందించడానికి మామూలుగా సెకనులో ఐదో వంతో నాలుగో వంతో పడుతుంది. తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారే, అంటే 60 ఫ్రేములు నడిచే ఆటలో అది 12 నుంచి 15 ఫ్రేములు. దెబ్బకు ముందు వచ్చే భంగిమ అంతకంటే తక్కువసేపు ఉంటే అది పోరాటం కాదు, జూదం. అందుకే మంచి ఆటలు బాస్ చేత కావాలనే కాస్త ఆలస్యం చేయిస్తాయి. 2018 నాటి ‘సెలెస్ట్’ ఆర్పీజీ కాకపోయినా ఇక్కడ గుర్తుకొస్తుంది: అంచు దాటి గాలిలోకి వచ్చాక కూడా సెకనులో పదో వంతు వరకు అందులో దూకే బటన్ చెల్లుతుంది. తైవాన్‌కు చెందిన రెడ్ క్యాండిల్ గేమ్స్ 2024లో తెచ్చిన ‘నైన్ సోల్స్’లో ఎదుటి దెబ్బను సరిగ్గా ఆ క్షణంలో అడ్డుకోవడమే ప్రాణం, అయినా కొంచెం తడబడి అడ్డుకున్నవాడిని అది పూర్తిగా శిక్షించదు, మెల్లగా మానిపోయే లోపలి గాయంతో సరిపెడుతుంది. నిర్దయగా కనిపించే ఆటల్లో ఇంత దయ దాగి ఉండటం నాకు ఎప్పటికీ ముచ్చటే.

చావు విషయంలో ఈ ఆటలు తలా ఒక దారి పట్టాయి. 2016 నాటి ‘సాల్ట్ అండ్ శాంక్చువరీ’లో లెవెళ్లు పెంచుకోవడానికి మనం కూడబెట్టిన ఉప్పును మనల్ని చంపిన శత్రువే పట్టుకుపోతుంది, కావాలంటే వెళ్లి దాన్ని చంపి తెచ్చుకోవాలి. ఫ్రాన్స్‌కు చెందిన మోషన్ ట్విన్ వారి ‘డెడ్ సెల్స్’లో చనిపోతే దారులే మారిపోతాయి, చేతిలోని ఆయుధాలు పోతాయి, ఆ ప్రయాణంలో పెంచుకున్న బలం సున్నా అవుతుంది. శాశ్వతంగా మిగిలే సౌకర్యాలు కొన్ని లేకపోలేదు కానీ, మిగిలేదాంట్లో పెద్ద వాటా చేతిదే. నా అనుమానానికి ‘డెడ్ సెల్స్’ చెప్పినంత సూటి జవాబు ఇంకే ఆటా చెప్పలేదు.

కష్టమైనదల్లా మంచిదని నేను అనను. ‘హాలో నైట్’కు కొనసాగింపుగా 2025 సెప్టెంబరు 4న వచ్చిన ‘సిల్క్‌సాంగ్’ను నేను ప్రేమతోనే ఆడాను, కానీ మొదట్లో ఉన్నవి ఐదు ముసుగులే అయినప్పుడు ఒక్క దెబ్బకు రెండేసి తీసే శత్రువులు అంత తొందరగా అన్ని చోట్ల ఎదురుకావడం సబబుగా తోచలేదు. దానికి సమంగా అందులోని కథానాయిక హార్నెట్ ఒకేసారి మూడు ముసుగులు మాన్పుకోగలదు, గాలిలో ఉండి కూడా ఆ పని చేయగలదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. విడుదలైన కొద్ది రోజులకే వచ్చిన మొదటి ప్యాచ్‌లో, అంటే ఆటకు చేసిన సవరణలో, తొలి బాసుల్లో కొందరి కష్టాన్ని తయారీదారులే కాస్త తగ్గించారు. నా అసలు ఫిర్యాదు దెబ్బల మీద కాదు, నడక మీద. ఓడిపోయిన ప్రతిసారీ, చివరిగా ఆగి సేదతీరిన బల్ల దగ్గర లేచి, తెలిసిన దారినే, తెలిసిన ముళ్లనే దాటుకుంటూ బాస్ దాకా రావడంలో నేర్చుకునేది ఏమీ ఉండదు. అది కష్టం కాదు, జరిమానా.

ఈమధ్య ‘హాలో నైట్’ను మళ్లీ కొత్తగా మొదలుపెట్టి, ఈసారి కత్తికి ఒక్కసారి కూడా పదును పెట్టించకుండా మాంటిస్ లార్డ్స్ దగ్గరికి వెళ్లాను. వేటుకు 5 మాత్రమే. మొదటి రోజు మొదటి ఆమెనే దాటలేకపోయాను. మూడో రోజు రాత్రి ఇద్దరూ ఎదురెదురు గోడల మీది నుంచి ఒకేసారి ఆయుధాలు విసిరినప్పుడు ఎటు దూకాలో ఆలోచించకుండానే దూకి, అది గమనించి, ఆ గమనింపులోనే ఒక దెబ్బ తిన్నాను. ఒకే ఒక్క ముసుగు మిగిలి ఉండగా గెలిచాను. అక్కచెల్లెళ్లు ముగ్గురూ లేచి నిలబడి తల వంచారు. మొదటిసారి పదునైన కత్తితో గెలిచినప్పుడు కూడా వాళ్లు ఇలాగే తల వంచారు, అప్పుడు నేను బటన్ నొక్కుతూ ముందుకు వెళ్లిపోయాను. ఈసారి కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు చూశాను.