గుల్లిపాడులో ముప్పావుగంట

వెయిటింగ్ లిస్టు చివరిదాకా కదల్లేదు. రాజమండ్రి నుంచి వైజాగ్‌కి బస్సంటే మూడొందలు దాటుతుంది, పైగా అన్ని గంటలు బస్సు సీట్లో కూర్చోవడం నా నడుముకి పడదు. అందుకని చాలా ఏళ్ళ తర్వాత తెల్లవారుజామున ప్యాసింజర్ ఎక్కాను. ఫోన్లో చెబితే మా బావ ఒకటే నవ్వు. ‘ఇవాళే వస్తావా, రేపా?’ అన్నాడు.

మనం ప్యాసింజర్ అనే అంటాం గానీ వచ్చేవి మెములే, కరెంటు మీద నడిచే దగ్గరి దూరాల బళ్ళు. టికెట్‌కి యాభై నోటిస్తే చిల్లర తిరిగొచ్చింది. కరోనా తర్వాత ఈ బళ్ళకీ ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టి, పది రూపాయల కనీస టికెట్‌ని ముప్పై చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి దించారు. అంతా బాగానే ఉంది, స్టేషన్ బయట నీళ్ళ సీసాకే ఇరవై పోయింది.

సామర్లకోటలో కాస్త రద్దీ, పిఠాపురంలో ఇంకాస్త. అన్నవరం కొండ కనపడగానే పెట్టెలో సగం మంది చేతులు జోడించారు. చిన్నప్పుడు ఇక్కడ బండి ఆగితే నాన్న దిగి విస్తరాకు పొట్లంలో ప్రసాదం తెచ్చేవారు. గోధుమ నూక, నెయ్యి. ఆయన తిరిగి ఎక్కేదాకా మా అమ్మకి టెన్షనే. ఈసారి నేను దిగలేదు. దిగితే సీటు ఉండదు.

తునిలో ఒకావిడ తడి గోనె చుట్టిన గంపతో ఎక్కి సరిగ్గా నా కాళ్ళ దగ్గర దించింది. పాయకరావుపేట తమలపాకులు. తాండవ నది దాటితే అదే. అనకాపల్లి తీసుకెళ్తోందట. ప్యాంటు తడిసిందని నేను కాళ్ళు ముడుచుకుంటుంటే పట్టించుకోనేలేదు.

గుల్లిపాడులో బండిని లూప్‌లోకి, అంటే పక్క లైన్లోకి తీసి ఆపేశారు. ఫోన్లో చూస్తే ఐదు నిమిషాల్లో కదులుతుందని ఉంది. పది నిమిషాలైనా అదే ఐదు.

“రెండు బళ్ళెల్లాలి బాబూ. అప్పుడుగానీ మనల్నొదల్రు,” అంది ఆవిడ.

మొదటిది ధడధడమని దూసుకుపోయింది. ఏసీ పెట్టెల అద్దాల వెనక ఎవరూ కనపడలేదు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళలో ఒకడిగా ఉండాల్సిన వాణ్ణి. మిగతావాళ్ళకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. ఎదుటి కుర్రాడు రికార్డు రాసుకుంటున్నాడు. ఒకాయన దిగి పట్టాల పక్కన వేపపుల్ల విరుచుకున్నాడు. ఆవిడ గోనె విప్పి, వడిలిన ఆకులు ఏరి, మంచివి మళ్ళీ కట్టలు కట్టడం మొదలెట్టింది. ఈ ఆగడం ఆవిడ పనిలో భాగమేమో అనిపించింది.

ఉన్నట్టుండి నా సీసా వైపు చూసి, “ఆ నీళ్ళిటు ఒంపండి బాబూ, ఆకు ఎండిపోతంది,” అంది.

అడిగినట్టు లేదు, పురమాయించినట్టుంది. కాసిన్ని ఒంపి ఆపాను. “ఇంకా,” అంది. గుక్కెడు మిగలకుండా ఇరవై రూపాయల నీళ్ళూ గంపలోకి పోయాయి. అప్పుడు రెండో బండి వెళ్ళింది. మొత్తం ముప్పావుగంట.

తర్వాత నర్సీపట్నం రోడ్ వచ్చింది. పేరు నమ్మి దిగితే అసలు ఊరికి ఇంకా బస్సెక్కి చాలా దూరం పోవాలి. ఎలమంచిలి ఎప్పుడు దాటామో తెలియదు, కునుకు పట్టింది. అనకాపల్లిలో గంప తలకెత్తమని లేపింది. ఎత్తాక ఒక కట్ట తీసి నా ఒళ్ళో పడేసి దిగిపోయింది. నాకు తాంబూలం అలవాటే లేదు.

ఇంటికెళ్ళేసరికి బావ భోజనం ముగించి కూర్చున్నాడు. కట్ట అందుకుని ఆకులు వేళ్ళతో తడిమి చూశాడు.

“బాగున్నాయే. ఎంతకిచ్చింది?”

“ఇరవై,” అన్నాను.