పాకాల చెరువు చేపకు దాహం వేయదు

వరంగల్ జిల్లా పాకాల చెరువులోని కొర్రమట్ట చేప నెత్తురులో ఉప్పు సముద్రపు నీటిలో ఉన్నదానిలో సుమారు మూడో వంతు ఉంటుంది. చుట్టూ ఉన్న చెరువు నీటిలో మాత్రం దాదాపు లేనట్టే. అందువల్ల ద్రవాభిసరణతో, అంటే ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు కదిలే ప్రక్రియతో, నీరు మొప్పల గుండా నిరంతరం ఒంట్లోకి చొరబడుతుంది, ఉప్పు బయటికి జారిపోతుంది. ఆ చేప నీటిని దాదాపు తాగదు. మూత్రపిండాలు పలుచని మూత్రాన్ని ధారాళంగా వదులుతుంటే, ఎర్రని మొప్పల రేకులలోని ప్రత్యేక కణాలు శక్తిని ఖర్చు చేసి, చెరువు నీటిలోని ఆ కాస్త సోడియం, క్లోరైడులను ఏరి లోపలికి లాక్కుంటాయి. నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది ఈ ఏరివేతే.

సముద్రపు చేప కథ తలకిందులు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న నీటిలో ఉంటూ అది ఒంటి నీటిని కోల్పోతుంది కనుక సముద్రాన్నే తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి నెడుతుంది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త హోమర్ స్మిత్ 1930లో ప్రకటించిన పరిశోధన దీనికి ఆధారమైంది. సొరచేపలు మాత్రం నెత్తురులో, మామూలుగా మూత్రంలో పోయే యూరియాను నిలవ ఉంచుకొని నీటి నష్టాన్ని తప్పించుకుంటాయి.

మన వైపు చేపపిల్లలను తరలించేటప్పుడు నీటిలో కొద్దిగా ఉప్పు కలపడం మూఢనమ్మకమేమీ కాదు. పట్టేటప్పుడు జిగురు పొర చెదిరి, బెదిరిన పిల్లల ఒంటి నుంచి ఉప్పు త్వరగా పోతుంది. లోపలికీ వెలుపలికీ ఉన్న తేడా తగ్గితే ఆ నష్టం తగ్గుతుంది, మొప్పలకు, మూత్రపిండాలకు శ్రమా తగ్గుతుంది.